సీసా ఎక్కడ నింపారు?

(తాగునీటి పరీక్షల మీద వాడల కార్యకర్తలకు జరిగిన శిక్షణా తరగతిలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మనం మాట్లాడుకునేది భూమి గురించి కాదు, కూలి రేట్ల గురించి కాదు. ఒక సర్టిఫికెట్ గురించి. నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో గోడకి అద్దం బిగించి తగిలించిన కాగితం గురించి. "ఏంది మాస్టారూ, కాగితం గురించి చెప్పటానికా మమ్మల్ని పనులు మానిపించి పిలిచింది?" అని వెనక కూచున్న అక్క ఇందాకే అడిగింది. అడగాల్సిందే. ఆ కాగితానికీ మన పిల్లల కడుపులకీ సంబంధం ఉంది. ఆ సంబంధం ఏందో మాకు కూడా ఆలస్యంగానే తెలిసింది. తెలిసింది చెప్పటానికే వచ్చాం.

నీళ్లు మంచివా చెడ్డవా అని తేల్చే పని ఈ దేశంలో ల్యాబులు పుట్టకముందు నుంచీ జరుగుతానే ఉంది. ఆ పరీక్షకి సీసా అక్కర్లేదు, మందులు అక్కర్లేదు. బిందె ముంచింది ఎవరో చూస్తే చాలు, ఫలితం వచ్చేస్తుంది. మహద్‌లో జరిగింది అదే. అంటరానివాళ్లు కూడా ప్రభుత్వ చెరువులూ బావులూ వాడుకోవచ్చని 1923లో బొంబాయి శాసన మండలి తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ కూడా చౌదార్ చెరువుని అందరికీ తెరుస్తున్నాం అని రాసుకుంది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. కానీ మనవాళ్లు ఒక్కరు కూడా దిగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోయి దోసిలితో ఆ నీళ్లు తాగాడు. అప్పుడు ఆ ఊరి అగ్రకులాలవాళ్లు ఏం చేశారు? చెరువు మైలపడిందని 108 కుండలతో పాలూ పెరుగూ ఆవుపేడా ఆవుమూత్రమూ తెచ్చి అందులో పోయించారు. మనుషులు తాగే నీళ్లలో పేడ కలిపి శుద్ధి అయిందన్నారు! గొడ్లు తాగితే మైలపడని చెరువు మనిషి తాగితే మైలపడింది. ఆ చెరువు మీద కోర్టు కేసు తేలి మనవాళ్లకి హక్కు ఉందని బొంబాయి హైకోర్టు చెప్పేసరికి 1937 వచ్చింది.

మన కారంచేడు సంగతి మీకు మేం చెప్పనక్కర్లేదు. 1985 జులై 16న మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర భూస్వాముల పిల్లలు గేదెకి కుడితి పెట్టిన బక్కెట్టు కడిగి ఆ మురికి నీళ్లు తాగే నీళ్లలో కలుపుతుంటే, మనవాడు ఒక కుర్రాడు ఇదేందని అడిగాడు. కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. తెల్లవారి జులై 17న పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని చంపారు. ఈ చరిత్రని మనం ఆత్మగౌరవ పోరాటంగా చెప్పుకుంటున్నాం, అది నిజం. కానీ ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు చెరువు గట్టు మీద ఆ కుర్రాడూ సువార్తా చేసింది నీళ్ల తనిఖీ. "మేం తాగే నీళ్లలో ఏం కలుపుతున్నారు?" అని అడగటమే తనిఖీ. ఆ ప్రశ్నకి ఆరు ప్రాణాలు తీశారు. ఈ రోజు అదే ప్రశ్న అడగటానికి మనకి ల్యాబు ఉంది, చట్టం ఉంది, రిజిస్టరు ఉంది. మరి అడుగుతున్నామా?

ఇక మా పల్లె సంగతి చెబుతాం. 2024 ఆగస్టులో వానలు పట్టినప్పుడు మా పల్లెలో పదకొండుమంది పిల్లలు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. అందులో నలుగురు మేం పాఠం చెప్పే పిల్లలే. ఇద్దర్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయి సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. తల్లులు నాట్ల కూలి పోగొట్టుకున్నారు. ఆటోకీ మందులకీ అప్పు చేశారు. నీళ్లు తేడాగా ఉన్నాయని పంచాయతీకి పోయి అడిగితే పెద్దమనుషులు రిపోర్టు తీసి ముందు పెట్టారు. ఒకటి ఊరిది, ఒకటి ఎస్సీ కాలనీది. రెండింట్లోనూ సూక్ష్మజీవులు లేవు, అంతా బ్రహ్మాండం. "గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చిన రిపోర్టు ఇది. నీళ్లలో ఏం లేదు. మీవాళ్లనే కాస్త శుభ్రంగా ఉండమని చెప్పండి మాస్టారూ" అన్నారు.

చూశారా? మైల అనే మాట పోయింది, శుభ్రత అనే మాట వచ్చింది. తప్పు మాత్రం మన ఒంటి మీద నుంచి పోలేదు. మేం డిగ్రీలు చదివినవాళ్లం. మా అమ్మానాన్నలు వేలిముద్ర వేసినవాళ్లు. అచ్చులో ఉన్న కాగితం చూస్తే మాకే నోరు పెగల్లేదు. మా వెంట వచ్చిన పెద్దామె ఒకామె మాత్రం, "మా యింటి కాడికి వచ్చి ఎవురూ నీళ్లు పట్టుకపోలేదే! మాకు తెలవకుండా మా నీళ్లకి పరీక్ష ఎప్పుడు పెట్టారు?" అంది. ఆ మాటే మమ్మల్ని ల్యాబు దాకా నడిపించింది.

అయిదుగురం పోయాం. పొదుపు సంఘం ఆడవాళ్లు ఇద్దరు, కుర్రాళ్లు ఇద్దరు, మేము. ల్యాబులో ఉన్నది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక చిన్న అమ్మాయి. దబాయిస్తారేమో అనుకుని పోయాం కానీ ఆ అమ్మాయి కుర్చీలు వేసి అంతా చూపించింది. గోడ మీద సర్టిఫికెట్ ఎన్.ఎ.బి.ఎల్. అనే సంస్థ ఇచ్చింది. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే సంస్థ అది. ల్యాబులు పరీక్షలు సరిగ్గా చేస్తున్నాయా లేదా అని తనిఖీ చేసి గుర్తింపు ఇస్తుంది. ఐ.ఎస్.ఓ. 17025 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తనిఖీ జరుగుతుంది.

ఆ తనిఖీ ఎట్లా ఉంటుందో మనం తెలుసుకోవాలి. తెలియకపోతే ఆ కాగితానికి అనవసరంగా భయపడతాం, లేకపోతే అనవసరంగా తీసిపారేస్తాం. రెండూ తప్పే. ముందు ల్యాబు తన కాగితాలన్నీ పంపాలి. తర్వాత తనిఖీదార్లు వస్తారు. మందులు తూచే త్రాసు సరిగ్గా తూస్తుందని ఎవరు ధ్రువీకరించారు, ఎప్పుడు ధ్రువీకరించారు అని చూస్తారు. సూక్ష్మజీవుల్ని పెంచి చూసే వెచ్చని పెట్టెలో వేడి రోజూ రాస్తున్నారా, మధ్యలో ఖాళీలు ఉన్నాయా అని చూస్తారు. మందుల గడువు తేదీ చూస్తారు. పరీక్ష చేసే మనిషిని కూచోబెట్టి, మా ముందు చేసి చూపించమంటారు. ఇంకోటి ఉంది. అందులో ఏముందో చెప్పకుండా ఒకే నమూనాని అనేక ల్యాబులకి పంపుతారు. మన ల్యాబు చెప్పిన అంకె మిగతావాటితో కలవాలి. మేం బళ్లో పెట్టే పరీక్ష లాంటిదే అది, కాకపోతే కాపీ కొట్టే వీల్లేదు. లోపాలు దొరికితే రాసిస్తారు. అవి సరిచేసి రుజువు చూపించాకే సర్టిఫికెట్. అది కూడా గడువు ఉన్న సర్టిఫికెట్టే. గడువులో మళ్లీ తనిఖీ ఉంటుంది.

ఇంత పద్ధతిగా ఉంది. మేం ఆ ల్యాబుని తప్పుపట్టలేదు, ఈ రోజు కూడా పట్టం. అయితే మన పెద్దామె ప్రశ్న అట్లానే ఉండిపోయింది. అందుకని, "అమ్మా, మా పల్లె సీసా వచ్చిన రోజు రిజిస్టరు ఒకసారి చూపిస్తావా?" అని అడిగాం. చూపించింది. ఊరి సీసా, కాలనీ సీసా రెండూ ఒకే చేతిరాత. రెండూ నింపిన టైము ఉదయం 9 గంటల 45 నిమిషాలు.

మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకుకీ మా పల్లె చివరి కుళాయికీ మధ్య కిలోమీటరు పైనే ఉంటుంది. ఒకే మనిషి ఒకే నిమిషంలో రెండుచోట్లా సీసాలు ఎట్లా నింపాడు? అది అట్లా ఉంచండి. మా పల్లెకి నీళ్లొచ్చేది తెల్లవారుజామున 5 గంటలకి. అరగంట వస్తాయి, ఆగిపోతాయి. 9 గంటల 45 నిమిషాలకి మా కుళాయి తిప్పితే గాలి కూడా రాదు. మరి ఆ కాలనీ సీసాలో నీళ్లు ఎక్కడివి?

నీళ్లు వదిలే కుర్రాణ్ణి పిలిచి అడిగాం. ఇక్కడ మనం సిగ్గుపడకుండా ఒక మాట చెప్పుకోవాలి. ఆ కుర్రాడు మనవాడే. మాకు తమ్ముడి వరస. తల దించుకుని, "నిజమే అన్నా. రెండు సీసాలూ ట్యాంకు కింద పంపు కాడే పట్టా. నీళ్లు వదిలేది నేనే, బ్లీచింగు కలిపేది నేనే, వాల్వులు తిప్పేది నేనే. మన పల్లెకి నీళ్లొచ్చే టయానికి నేను ట్యాంకు కాడ ఉండాల. పది గంటల బస్సుకి సీసాలు ఇయ్యాల. ఏం చెయ్యమంటావు?" అన్నాడు. మేం ఏం చెప్పగలం? ఆ కుర్రాడికి జీతం నాలుగు నెలలకొకసారి వస్తుంది. ఆ సీసా ఎక్కడ నింపాలో, ఎందుకు నింపాలో ఒక్కళ్లు కూడా కూచోబెట్టి చెప్పలేదు. వాణ్ణి దొంగని చేసి మనం పెద్దమనుషులం కావటానికి లేదు. వాడి చేతికి సీసా ఇచ్చి, నిండిందా లేదా అని మాత్రమే చూసినవాళ్లది అసలు తప్పు.

ల్యాబుకి అర్జీ రాసిచ్చాం. ఆ అమ్మాయి శుద్ధి చేసిన సీసాలు ఇచ్చింది. తెల్లవారుజామున 5 గంటలకి పల్లె చివరి కుళాయి దగ్గర అందరం నిలబడ్డాం. మా తమ్ముణ్ణి కూడా నిలబెట్టాం. క్లోరిన్ ఉందా లేదా అనేది అక్కడికక్కడే చూడాలి, ల్యాబుకి పోయేలోపల అది ఎగిరిపోతుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాం. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. రాలేదు. ట్యాంకు దగ్గర అదే పరీక్ష చేస్తే పసుపు వచ్చింది. సీసా నింపి, ఐసుగడ్డలు వేసిన డబ్బాలో పెట్టి, మోటారు సైకిలు మీద ఎనిమిదిన్నరకల్లా ల్యాబుకి చేర్చాం. ఫలితం వచ్చింది. ట్యాంకు నీళ్లలో ఏమీ లేదు. మా కుళాయి నీళ్లలో ఈ.కోలి ఉంది. అంటే పెంట కలిసిన నీళ్లు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ.కోలి అసలు కనిపించనే కూడదు.

ట్యాంకు దగ్గర మంచి నీళ్లు పల్లెకి వచ్చేసరికి ఎట్లా చెడ్డయి? గొట్టం వచ్చే దారి చూస్తే తెలుస్తుంది. ఊరి వాలంతా మన పల్లెవైపే. ఊళ్లో మురుగంతా మన పల్లె మీదుగానే పోతుంది. నీళ్ల గొట్టం ఆ మురుగు కాలవలో నుంచే వస్తుంది. నీళ్లు వదిలినప్పుడు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, పగులు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు ఆపాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులు లోంచి బయటి మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. తెల్లవారి వదిలిన నీళ్లు ఆ మురుగుని ముందు తోసుకుంటూ వచ్చి చివరి ఇంటి బిందెలో పోస్తాయి. చివరి ఇల్లు ఎవరిది? మనది. గొట్టం వేసినప్పుడు కూడా చివరే, నీళ్లొచ్చినప్పుడు కూడా చివరే, మురుగుకి మాత్రం ముందు. తవ్వితే కాలవలో అతుకు విరిగి కనిపించింది. రెండు రోజుల్లో బాగుచేశారు. రెండు రోజుల పని! దానికోసం పదకొండుమంది పిల్లలు మంచాన పడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ పాత రిపోర్టు సంగతి చూడండి. అది దొంగ రిపోర్టా? కాదు. ల్యాబుకి వచ్చిన సీసాలో నీళ్లు నిజంగానే మంచివి. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ ఫలితాలు మాకు అందిన నమూనాకి మాత్రమే వర్తిస్తాయి అని దాని అర్థం. ల్యాబువాళ్లు తప్పించుకోవటానికి రాసింది కాదది. సీసా తాము నింపకుండా బయటివాళ్లు తెచ్చి ఇస్తే ఆ మాట రాసి తీరాలని వాళ్ల ప్రమాణంలోనే ఉంది. అంటే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఎంత గట్టిగా తనిఖీ చేసినా, ల్యాబు గుమ్మం దాటి లోపలికి వచ్చిన సీసా దగ్గర నుంచే వాళ్ల తనిఖీ మొదలవుతుంది. గుమ్మానికి అవతల, మన పల్లెకీ ఆ గుమ్మానికీ మధ్య ఏం జరిగిందో ఆ కాగితానికి తెలియదు. ఆ మధ్య దూరం ఎవరు తనిఖీ చెయ్యాలి? మనమే చెయ్యాలి. ఇదే మేం చెప్పదలుచుకున్న అసలు సంగతి.

ఇది మన పల్లెటూళ్లలో చదువు లేక జరిగే పొరపాటని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కెనడా డబ్బున్న దేశం. అక్కడ ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్నం ఉంది. అయిదువేల లోపు జనం. 2000 మే నెలలో పెద్ద వానలకి పశువుల పేడలోని సూక్ష్మజీవి అక్కడి మంచినీళ్ల బావిలోకి దిగింది. చాలినంత క్లోరిన్ కలపలేదు. దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం విచారణ జరిపిస్తే ఏం తేలిందో తెలుసా? నీళ్ల సరఫరా చూసే ఉద్యోగులు ఏళ్ల తరబడి సీసాలన్నీ తమ పంపుహౌసులోనో తమ షెడ్డులోనో నింపి, వాటి మీద వేరేవేరే చోట్ల పేర్లు రాసి పంపారు. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టర్లో అంకెలు రాశారు. 1991, 1995, 1998ల్లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వచ్చారు. జబ్బు ఎక్కడుందో పట్టుకుని సరిచేయించలేకపోయారు. 1996లో ప్రభుత్వ ల్యాబులు ఊళ్ల నీళ్లు పరీక్ష చెయ్యటం మానేసి ప్రైవేటుకి వదిలేశాయి. చెడు ఫలితం వస్తే ఆరోగ్య శాఖకి చెప్పి తీరాలనే చట్టం అప్పట్లో లేదు. అందుకని ప్రైవేటు ల్యాబు ఫలితాన్ని నీళ్ల సంస్థకి మాత్రమే పంపింది, వాళ్లు దాన్ని దాచారు. జనం ఆ నీళ్లే తాగుతూ ఉన్నారు.

ఏడుగురు పోయాక 2002లో చట్టం తెచ్చారు. గుర్తింపూ లైసెన్సూ రెండూ ఉన్న ల్యాబే నీళ్లు పరీక్ష చెయ్యాలన్నారు. చెడు ఫలితం వస్తే వెంటనే ఆరోగ్య అధికారికి చెప్పాలన్నారు. మంచి చట్టం. కానీ ఆ చట్టం ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఆ నేల అసలు హక్కుదారులు ఆదివాసులు. వాళ్లు ఉండే రిజర్వులు కేంద్రం కిందికి వస్తాయంటూ ఆ రాష్ట్ర చట్టం వాళ్ల పొలిమేర దగ్గర ఆగిపోయింది. అదే ఒంటారియో ఉత్తరాన నెస్కంటగా అనే ఆదివాసి ఊరు ఉంది. నీళ్లు మరగబెట్టకుండా తాగొద్దనే హెచ్చరిక 1995లో పెట్టారు. 2025లో దానికి 30 ఏళ్లు నిండాయి. ఆ హెచ్చరిక కింద పుట్టిన పిల్లలు పెరిగి, వాళ్లకీ పిల్లలు పుట్టారు. మిత్రులారా, ప్రతి దేశంలోనూ ఒక వాడ ఉంది. చట్టాలు అక్కడికి చేరేసరికి వాటి కాళ్లు నొప్పులు పుడతాయి.

సరే, మన చేతిలో ఏముంది? చాలా ఉంది. ఒక్కొక్కటి రాసుకోండి.

ఒకటి. నీళ్ల రిపోర్టు ఎవరు చూపించినా, మంచిదా చెడ్డదా అని అడగకముందు మూడు ప్రశ్నలు అడగాలి. సీసా ఎక్కడ నింపారు? ఎన్ని గంటలకి నింపారు? ఎవరు చూస్తుండగా నింపారు? ఈ మూడింటికీ జవాబు లేని రిపోర్టు మన పల్లె రిపోర్టు కాదు.

రెండు. చివరి కుళాయి దగ్గర పరీక్ష చెయ్యమని అడగటం మన గొంతెమ్మ కోరిక కాదు. నీళ్లలో క్లోరిన్ కలిపినప్పుడు లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని, దాన్ని వాడుకునేవాళ్ల దగ్గర పరీక్ష చెయ్యాలని ఐ.ఎస్. 10500లోనే రాసి ఉంది. ట్యాంకు కాడ కాదు, బిందె కాడ. ఆ మాట అధికారుల ముందు గట్టిగా చెప్పండి.

మూడు. సర్టిఫికెట్ చూసి ఆగిపోవద్దు, దాని వెనక జాబితా చూడండి. ల్యాబుకి గుర్తింపు ఉంటే అన్ని పరీక్షలకీ ఉన్నట్టు కాదు. ఒక్కో పరీక్షకి విడివిడిగా ఇస్తారు. గడువు తేదీ కూడా చూడండి. ఎన్.ఎ.బి.ఎల్. వెబ్‌సైటులో ఈ జాబితా ఎవరైనా చూడొచ్చు, మన కుర్రాళ్ల సెల్‌ఫోన్లో దొరుకుతుంది. మన దర్శి, పొదిలి ప్రాంతాల్లో ఇది ప్రాణం మీది సంగతి. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని మొదట గుర్తించి 1937లో లోకానికి చెప్పింది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ఊళ్ల నుంచే. జనం వంగిన నడుములే ఆ రోజు ల్యాబు రిపోర్టులు. ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్లు దొరకనే దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ బోరు నీళ్లు పరీక్ష చేసిన ల్యాబుకి ఫ్లోరైడు పరీక్షకి గుర్తింపు ఉందా? అడగండి.

నాలుగు. సీసా నింపే పద్ధతి మన ఆడవాళ్లందరూ నేర్చుకోవాలి. సూక్ష్మజీవుల పరీక్షకి ల్యాబు ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి. అందులో కొంచెం మందు వేసి ఉంటుంది, దాన్ని కడిగి పారబొయ్యొద్దు. కుళాయి మూతి శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేశాక పట్టాలి. మూత లోపలా సీసా మూతి మీదా వేలు పెట్టకూడదు. నిండుగా కాకుండా పైన కాస్త ఖాళీ ఉంచాలి. ఐసులో పెట్టి ఆరు గంటల లోపు చేరిస్తే మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకూడదు. ఊరూ, కుళాయీ, తేదీ, టైము అక్కడే సీసా మీద రాయాలి. ఇంటికి పోయి రాస్తాం అనొద్దు.

అయిదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రకారం ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకి నీళ్ల పరీక్ష పెట్టె వాడటం నేర్పాలి. ఆ అయిదుగురు ఎవరు? మీ ఊళ్లో ఆ పెట్టె ఎవరి ఇంట్లో ఉంది? చాలా చోట్ల ఊళ్లో పెద్దింటి బీరువాలో ఉంది. ఆ అయిదుగురిలో మన పల్లెవాళ్లు ఉండాలని గ్రామసభలో అడిగి రాయించండి. జనం తెచ్చిన నీళ్లు కూడా ల్యాబులు పరీక్ష చెయ్యాలని 2021లో వచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. కాబట్టి మొహమాటపడకుండా పోండి.

ఆరు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. కాగితాల నకళ్లు అడగటం మనకి అలవాటయింది. అదే చట్టంలో రిజిస్టర్లు స్వయంగా చూసే హక్కూ, నమూనాలు తీసుకునే హక్కూ ఉన్నాయి. నమూనా రిజిస్టరు చూస్తాం అని అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఏడు. ఎస్సీ, ఎస్టీలు తాగే నీళ్లని ఎవరైనా కావాలని పాడుచేస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కారంచేడు లాంటి నెత్తుటి మడుగుల్లో నుంచి వచ్చిన చట్టమది. పగిలిన గొట్టం చూపించి అందరి మీదా ఆ కేసు పెట్టమని మేం అనటంలేదు. అర్జీ మీద అర్జీ ఇచ్చినా బాగుచెయ్యకపోతే ఆ అర్జీల నకళ్లన్నీ దాచిపెట్టుకోండి. తెలియదు అనటానికి రేపు ఎవరికీ వీలుండకూడదు.

చివరిగా రెండు మాటలు. ఈ పనిలో మన శత్రువు ల్యాబులో కూచున్న కాంట్రాక్టు అమ్మాయి కాదు, వాల్వు తిప్పే తమ్ముడు కాదు. వాళ్లకి నెలనెలా జీతం ఇమ్మని కూడా మనమే అడగాలి. పస్తున్నవాడు రిజిస్టరు నిజం రాయటం కష్టం. ఇంకోటి, తనిఖీ అంటే ఒకసారి పోయి గొడవ చేసి రావటం కాదు. మా పల్లెలో ఇప్పుడు నెలకొకసారి చివరి కుళాయి దగ్గర సీసా నింపుతున్నాం. నింపేటప్పుడు పల్లె ఆడమనిషి ఒకరు ఉంటారు, కాగితం మీద ఆమె సంతకం ఉంటుంది. మొదటిసారి సంతకం పెట్టింది ఆ రోజు ప్రశ్న అడిగిన పెద్దామే. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేసింది. ల్యాబు అమ్మాయి దాన్ని అట్లాగే రిజిస్టర్లో అంటించింది. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు ఈ వేలిముద్ర ఏందని అడిగారంట. "ఆ నీళ్లు తాగేవాళ్లది సార్" అని చెప్పిందంట.

ఎల్లుండి ఆదివారం మన పక్క పల్లెలో సీసాలు నింపుతాం. తెల్లవారుజామున 5 గంటలకి. నేర్చుకోవాలనుకున్నవాళ్లు నాలుగున్నరకల్లా రచ్చబండ కాడికి రండి. ఐసు డబ్బా మేం తెస్తాం, బిందెలు మీరు తెచ్చుకోండి.

జై భీమ్!